పన్నెండు నెలలు, ఒక్క లెన్సు: మా కొట్టు క్యాలెండర్ పని డైరీ

నవంబరు 15, శనివారం

ఏటా మా ప్రింటింగ్ కొట్టు పేరుతో పంచే క్యాలెండర్లు శివకాశి సరుకే. లక్ష్మీదేవో వెంకటేశ్వరస్వామో అచ్చయి వస్తారు, కింద ఖాళీగా ఉన్న పట్టీలో మన పేరూ ఫోన్ నంబరూ కొట్టించి ఇచ్చెయ్యడమే. ఈసారి బొమ్మలు నేనే తీసి పెట్టాలని పంతం పట్టాను. రాజమండ్రి, చుట్టుపక్కల ఊళ్లు. పన్నెండు నెలలకి పన్నెండు ఫొటోలు. "దేవుడి బొమ్మ లేని క్యాలెండర్ గోడకెవరు తగిలిస్తారండీ?" అంది మా ఆవిడ. తగిలిస్తార్లే అన్నాను గానీ లోపల నాకూ ఆ అనుమానం ఉంది.

లెన్సు మా బావది. హైదరాబాదులో ఉంటాడు. దీపావళికి వచ్చినప్పుడు నా చేతిలో పెట్టి, "సంక్రాంతికి పట్టుకుపోతా, ఈలోగా వాడుకో, పడెయ్యకు" అన్నాడు. కెనాన్ ఆర్‌ఎఫ్ 16 ఎంఎం, ఎఫ్/2.8; బాగా వెడల్పుగా చూసే లెన్సు. బరువు 165 గ్రాములు, పొడవు నాలుగు సెంటీమీటర్లు. ఓ మాదిరి జామకాయంత. నా కెమెరా ఈఓఎస్ ఆర్‌పీ, బ్యాటరీ కార్డూ కలిపి 485 గ్రాములు. మొత్తం 650. స్కూటర్ డిక్కీలో, వాన కోటు పక్కన పట్టేస్తుంది. పెళ్లిళ్లకి అద్దె జూమ్ లెన్సు మోసి మెడ పట్టేయించుకున్నవాడిని, దీన్ని చేత్తో పట్టుకుని కాసేపు అలాగే కూచున్నాను.

నియమం ఒక్కటే: పన్నెండూ ఈ లెన్సుతోనే. డిసెంబరు 20కల్లా అచ్చు ప్లేట్లకి పంపాలి.

నవంబరు 16, ఆదివారం

తెల్లారేసరికి పుష్కరాల రేవు. నది మొత్తం పడుతుందని ఆశ. హేవలాక్ వంతెన, పక్కనే ఆర్చి వంతెన, అవతల కొవ్వూరు గట్టు, అన్నీ ఒకే ఫ్రేములో. పడ్డాయి కూడా. ఇంటికొచ్చి చూస్తే పైన సగం ఆకాశం, నడుమ ఉతికిన పంచె అంచులాంటి సన్నటి గీత, అదీ గోదారి. వంతెన నల్లదారం. కింద సగమంతా సిమెంటు మెట్లు, చింపేసిన షాంపూ ప్యాకెట్లు, వాడిపోయిన బంతిదండ ఒకటి. పైగా మెట్ల మీద పొడుగ్గా నా నీడ. రాజమండ్రికి నది పడమర కదా, పొద్దున్నే నదికేసి తిరిగితే సూర్యుడు వీపున ఉంటాడు. మామూలు లెన్సైతే ఆ నీడ ఫ్రేముకి అందదు. దీనికి అన్నీ అందుతాయి.

మా మేనల్లుడు ఫోన్ తీసి, "మావయ్యా, ఇదే బొమ్మ నా దాంట్లో పాయింట్ ఫైవ్‌లో వచ్చేస్తది" అని నొక్కి చూపించాడు. వచ్చేసింది కూడా! వాడి ఫోన్‌లో ఇంకా వెడల్పుగా వచ్చింది. పద్దెనిమిది అంగుళాల కాగితం మీదకి పెంచితే ఆకులూ అలలూ ముద్దైపోతాయిరా అన్నాను. వాడికి కాగితంతో పనేముంది.

మధ్యాహ్నం కొట్లో లెక్క వేశాను. ఆర్చి వంతెనకి 28 ఆర్చీలు, ఒక్కోటి 97.5 మీటర్ల పైచిలుకు, మొత్తం 2,745 మీటర్లు. ఈ లెన్సు అడ్డంగా చూసేది సుమారు 97 డిగ్రీలు. అంటే ఎంత దూరంలో నిలబడితే దానికి రెండుంపావు రెట్ల వెడల్పు ఫ్రేములో పడుతుంది. పడవ కట్టించుకుని నది నడుమకెళ్లి, వంతెనకి 1,220 మీటర్ల ఎడంలో ఎదురుగా ఆగితే ఈ చివర నుంచి ఆ చివరకి పడుతుంది. పడితే మాత్రం? 18 అంగుళాల కాగితం మీద ఒక్కో ఆర్చి అంగుళంలో ముప్పాతిక కూడా ఉండదు. పడవ ఖర్చు తప్పింది.

ఇప్పటికి బొమ్మలు: సున్నా.

నవంబరు 18

ఓ భయం, ఓ నవ్వు. రాత్రి పాత ల్యాప్‌టాప్‌లో రా ఫైళ్లు, అంటే కెమెరా సరిదిద్దకుండా ఇచ్చే ముడి బొమ్మలు, తెరిచాను. హేవలాక్ గర్డర్ల గీత విల్లులా వంగి ఉంది. 1900లో రైళ్లు మొదలైన దగ్గర్నుంచి 1997లో ఆపేసేదాకా నిటారుగా నిలబడ్డ వంతెన, పక్కనున్న ఆర్చీని చూసి తానూ ఆర్చీ అయిపోయినట్టుంది. మూలలు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. లెన్సు పాడైందేమో, బావకి ఏం చెప్పాలి అని చెమటలు పట్టాయి.

పాడవలేదు. ఈ లెన్సు తయారీయే అలాంటిది. ఇంత చిన్నగా, తేలిగ్గా, 9 గాజు పలకలతో సరిపెట్టాలంటే గీతలు వంగడాన్ని గాజుతో సరిదిద్దకుండా లెక్కలకి వదిలేస్తారు. కెమెరా తానే తీసే జేపెగ్‌లో ఆ లెక్క ముందే కట్టేసి ఉంటుంది. నా ల్యాప్‌టాప్‌లోని పాత సాఫ్ట్‌వేర్‌కి ఆ లెక్క తెలియదు, అంతే. కొత్తది దించుకుంటే వంతెన చక్కగా సాగింది. కాకపోతే వంగినదాన్ని లాగి సాపు చేసేటప్పుడు మూలల్లో ఉన్న బొమ్మ సాగుతుంది. ప్రింటు తీసి, ప్లేట్లలో చుక్కలు చూసుకునే భూతద్దం పెట్టి చూశాను. నడుమ రాతి స్తంభం గరుకు కూడా తెలుస్తోంది, మూలలో రావి ఆకులు మాత్రం నీళ్లలో తడిపిన కాగితంలా ఉన్నాయి. మూలల్లో ముఖ్యమైనదేదీ పెట్టకూడదని అట్ట మీద రాసి గోడకి అంటించాను.

నవంబరు 21, పోలి పాడ్యమి

కార్తికం అయిన మర్నాడు. నాలుగింటికే కోటిలింగాల రేవులో జనం. ఆడవాళ్లు అరటి దొప్పల్లో ఆవునేతి వత్తులు వెలిగించి నీళ్లలో వదులుతున్నారు. మా అత్తయ్య కూడా వచ్చింది. కెమెరా చూసి, "ఒరే, ముందు దణ్ణం పెట్టుకోరా" అంది. పెట్టుకున్నాను.

మొదట నిలబడి తీశాను. మళ్లీ అదే కథ: చీకటి ఆకాశం, దూరంగా మిణుగురుల్లా దీపాలు, కింద మెట్లు. విసుగొచ్చి, ప్యాంటు మోకాళ్ల పైదాకా మడిచి ఆఖరి మెట్టు దిగాను. కెమెరాని రెండు చేతులా పట్టుకుని నీటికి జానెడు ఎత్తులో ఉంచాను. తెర పక్కకి తిరుగుతుంది కాబట్టి వంగి చూడనక్కర్లేదు. అత్తయ్య తన దొప్పని సరిగ్గా లెన్సు ముందుకి తోసింది.

ఈ లెన్సు 13 సెంటీమీటర్ల దాకా ఫోకస్ చేస్తుంది. ఆ కొలత లోపలి సెన్సర్ నుంచి కాబట్టి గాజు ముందు మిగిలేది ఏడు సెంటీమీటర్లే. దొప్ప అంచున అరటి నార పోగులు, నెయ్యి పీల్చుకుని నల్లబడుతున్న వత్తి కొన, కుంకుమ అంటిన అత్తయ్య రెండు వేళ్లు ఫ్రేములో సగం ఆక్రమించాయి. వాటి వెనక పదులకొద్దీ దొప్పలు, ఒకదాని వెనక ఒకటి చిన్నవైపోతూ చీకట్లోకి. ఐఎస్‌ఓ 6400, ఎఫ్/2.8, సెకనులో ముప్పయ్యో వంతు. చీకట్లో కెమెరా సున్నితాన్ని అంత పెంచితే బొమ్మలో గింజలు పడ్డాయి, పడనీ. ఇందులో నది ఎక్కడా వెడల్పుగా లేదు. అయినా చూసినవాళ్లెవరూ ఇది ఏ నది అని అడగరు.

నవంబరు పేజీ అయిపోయింది. నష్టం: లేచి నిలబడుతుంటే జేబులోంచి లెన్సు మూత జారి నీళ్లలో పడింది. దీపాల మధ్యన కాసేపు తేలి వెళ్లిపోయింది. 43 మిల్లీమీటర్ల మూత. బావకి చెప్పలేదు.

నవంబరు 23, ఆదివారం

దేవీ చౌక్, మెయిన్ రోడ్, తాడితోట. ఎనభై ఫొటోలు, పనికొచ్చేది ఒక్కటి. వీధి అంతా పడుతుంది గానీ అన్నీ దూరం జరిగిపోతాయి. తీగలు, బోర్డులు, తీగలు. మా ఫ్లెక్సీలు కూడా ఉన్నాయిలెండి. చీకటి పడ్డాక గట్టు మీద ట్రైపాడ్ వేసి, లెన్సు రంధ్రం సన్నం చేసి ఎఫ్/11లో దీపస్తంభాలు తీస్తే ఒక్కో దీపానికి లెక్కపెట్టినట్టు పద్నాలుగు కిరణాలు. ఆ రంధ్రాన్ని మూసే రెక్కలు 7, బేసి సంఖ్య కాబట్టి రెట్టింపు కనిపిస్తాయి. ఫిబ్రవరికి అదే ఖాయం చేశాను.

సాయంత్రం అత్తయ్య వాళ్లింట్లో పదకొండు మందిని చిన్న హాల్లో ఒకే ఫొటోలో ఇరికించాను. ఇంకే లెన్సుతోనూ అది కుదరదు. చివర నిలబడ్డ పెద్దొదినకి ఫొటో చూపించగానే మొహం మారిపోయింది. "ఇదేటి, నా తల గుమ్మడికాయ చేసేశావు!" తప్పు ఒదినదీ కాదు, లెన్సుదీ కాదు. ఇంత వెడల్పు దృశ్యాన్ని బల్లపరుపు కాగితం మీద, గీతలు వంగకుండా పరవాలంటే అంచుల్లో ఉన్నవి సాగక తప్పదు. నడుమ గుండ్రంగా ఉన్న బంతి పక్క అంచుకెళ్తే ఒకటిన్నర రెట్లు కోలగా కనిపిస్తుంది. ఇదంతా ఒదినకి చెబుదామని నోరు తెరిచి, మూసేశాను. ఇకమీదట చివర్లో కుర్చీనో పూలకుండీనో నిలబెట్టాలి.

నవంబరు 30, ఆదివారం

ఇవాళ్టిది కాస్త పెద్దగా రాయాలి.

పొద్దున్నే బండి మీద దవళేశ్వరం. కాటన్ దొరగారు 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేయించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది బ్యారేజీ. దవళేశ్వరం, ర్యాలీ, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు భాగాలూ కలిపి 175 గేట్లు. మా చిన్నప్పుడు మాస్టారు 70, 43, 23, 39 అని ఎక్కాల్లా చెప్పించేవారు. రెయిలింగుకి లెన్సు ఆనించి గేట్ల వరసని తీశాను. మొదటి స్తంభం ఇంటి గోడంత, పదోది అగ్గిపెట్టంత, ఆపైన అన్నీ కలిసి గీత. మే నెలకి బాగుంటుంది. బ్యారేజీ కిందవైపు ఇసక తిన్నె మీద తారు పూసిన పాత పడవ బోర్లా పడి ఉంది. దాని పక్కటెముకల దగ్గరికి వెళ్లి ఒకటి తీశాను. అది జూలైకి పెడతానంటే మా కొట్టు కుర్రాడు, "జూలైలో ఇసకేటండీ, అప్పుడు 11.75 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఎగరేత్తారు కదండీ" అన్నాడు. నిజమే. వరద బొమ్మ డిసెంబర్లో ఎక్కణ్ణుంచి తేను?

బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఊరు. తెలిసినవాళ్ల ద్వారా ఓ ఇంటికి వెళ్లాం. వసారాలో ఎనిమిదడుగుల చోటు. అందులో ఇద్దరాడవాళ్లు, రెండు పొయ్యిలు, రెండు బోర్లించిన కుండలు, గోడవారగా ఎండు కొబ్బరాకు. నేను దూరే సందు కూడా లేదు. గుమ్మంలో చతికిలబడ్డాను.

జల్లెడ పట్టినట్టు పల్చగా ఉన్న బియ్యప్పిండి నీళ్లలో జానెడు తెల్లగుడ్డ ముంచి, రెండు మూలలు పట్టుకుని, కాలిన కుండ వీపు మీద ఒక్క లాగు. చుయ్ అని ఆవిరి. గుడ్డ దాటిన చోటల్లా తడి తెల్లబడి, అంచులు లేచి, మల్లెపూల రంగు పొర. రెండు వేళ్లతో ఎత్తి పక్కన పెడుతుంది. మూడు సెకన్లు పట్టదు. ఆమె చెయ్యి ఆగేలోపు నేను తీసింది ఖాళీ కుండ. మళ్లీ. మళ్లీ ఖాళీ కుండే. ఆమె చేతిని చూడటం మానేసి చప్పుడు వినడం మొదలెట్టాను: గుడ్డ నీళ్లలో పిండిన శబ్దం వినపడగానే నొక్కితే సరిగ్గా లాగేటప్పుడు పడుతోంది.

ఇంకాస్త దగ్గరికి జరిగాను. "ఏటండీ బాబూ, అంత దగ్గరకొచ్చేత్తన్నారు, సెయ్యి కాలుద్ది!" అంది పెద్దావిడ. చెయ్యి కాలలేదు గానీ లెన్సు మీద ఆవిరి పట్టేసింది. తుడిచాను, మళ్లీ పట్టింది. తుడిచే గుడ్డ కూడా తడిసింది. చివరికి లెన్సుని పొయ్యి పక్కనే ఓ ఐదు నిమిషాలు ఉంచాం, ఎండు ఆకు మీద కోడిపిల్లని పెట్టినట్టు. గాజు కాస్త వెచ్చబడ్డాక ఆవిరి పట్టడం ఆగింది. పొయ్యి పక్కన కెమెరా పెట్టారని బావకి తెలిస్తే ఉంది నాకు.

ఫొటోలో కింద సగం కుండ వీపు, దాని మీద సగం లేచిన రేకు. అందులోంచి వెనకాల మంట ఎర్రగా కనిపిస్తోంది. పైన ఆవిడ ముఖం, గాజుల చెయ్యి. ముఖాన్ని పట్టుబట్టి ఫ్రేము నడుమనే ఉంచాను, ఒదిన గుర్తొచ్చి. ఇది జనవరి. డబ్బులిస్తే తీసుకోలేదు. బెల్లం పూతరేకులు రెండు డబ్బాలు కొనుక్కుని వచ్చాం. దారిలో ఒకటి ఖాళీ.

డిసెంబరు 7

కడియపులంక నర్సరీలు. చామంతి, బంతి మళ్లు చూడ్డానికి జనం, సెల్ఫీలు. పువ్వుకి ఏడు సెంటీమీటర్లలో లెన్సు పెట్టి, వెనక మడి మొత్తం పడేలా రెండు తీశాను. అందంగానే ఉన్నాయి గానీ గ్రీటింగ్ కార్డులా అనిపించాయి. ఒకటి మార్చికి పెట్టా, ఇంకో మంచిది దొరికితే తీసేస్తా.

డిసెంబరు 11

ఇవాళ ఉద్దేశపూర్వకంగానే కందుకూరి వారి ఇంటికి వెళ్లాను. ఆయన తొలి వితంతు వివాహం జరిపించింది 1881లో ఇదే తారీఖున, గౌరమ్మకీ గోగులపాటి శ్రీరాములుకీ. అడిగి, అనుమతి తీసుకుని, చెప్పులు బయట వదిలి గదిలో ఓ మూలకి ఒదిగాను.

ఇక్కడ ఒక సంగతి తెలిసొచ్చింది. లెన్సు కాస్త పైకెత్తితే గోడలు లోపలికి వాలిపోతాయి, గుమ్మం గోపురంలా కనిపిస్తుంది. నీటిమట్టం గీత చూసుకుంటూ కెమెరాని నిటారుగా పడితే గుమ్మాలు తిన్నగా నిలబడతాయి, కాని కింద సగం ఉత్త నేల. మొదటి రోజు రేవులో ఏడిపించిందీ ఇదే. కొట్టుకొచ్చి పేజీ పెట్టి చూస్తుంటే మా కుర్రాడు మౌస్ లాక్కుని తేదీల గళ్లు తెచ్చి ఆ ఖాళీ నేల మీద పడేశాడు. ముప్పయ్యొక్క గళ్లూ ఎవరో ఆ గచ్చు మీద సుద్దతో గీసినట్టు కుదిరిపోయాయి. నేను ఇరవయ్యేళ్లుగా బొమ్మ పైనా తేదీలు కిందా వేరే తెల్ల పట్టీలో వేస్తున్నవాడిని. పాత పేజీలన్నీ మళ్లీ విప్పాను. బ్యారేజీ బొమ్మలో రోడ్డు మీద తేదీలు. దొప్పల బొమ్మలో మాత్రం దీపం మీద అంకె పడితే అత్తయ్య ఊరుకోదు, అక్కడ పాత పద్ధతే.

అప్పట్నుంచీ ఎక్కడికెళ్లినా ముందు కాళ్ల దగ్గరేముందో చూస్తున్నాను. షాంపూ ప్యాకెట్లుంటే ఏరేస్తున్నాను, లేదా ఇంకో మెట్టుకి పోతున్నాను.

డిసెంబరు 16, ధనుర్మాసం మొదలు

మా సందు ఆరడుగులు. ఎదురింటావిడ ఐదింటికే కళ్లాపి చల్లి, ఇరవయ్యొక్క చుక్కల ముగ్గు మొదలెట్టింది. మేడ మీంచి తీస్తే ముగ్గు గోడ మీద పటంలా ఉంది, ముగ్గు పెట్టే మనిషి లేదు. కిందికొచ్చి, చేతులు పైకెత్తి కెమెరాని తల మీంచి ముందుకి వంచి తీశాను. పది ఫొటోల్లో పదింటికీ కింద అంచున నా కాలి బొటనవేళ్లు. కాళ్లు వెనక్కి జరిపితే మనిషిని ముందుకి పడిపోతాను. చివరికి మా కుర్రాడు నా చొక్కా వెనక నుంచి పట్టుకుంటే ముందుకి వాలి తీశాను. సందులో పాలబ్బాయి సైకిల్ దిగి మరీ చూశాడు.

వచ్చింది. ఆవిడ బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి పిండి జారుతున్న ధార, ఆ ధార చివర ఇంకా మూసుకోని గీత. మిగతా ముగ్గంతా వీధి చివరకి పరుచుకుని, తడి నేల మీద వీధి దీపం. డిసెంబరు పేజీ. ఆవిడ చూసి, "ఆయ్, బాగుందండీ, కానీ ఆ మూల చుక్క తప్పిందండి, చెరిపేసి మళ్లీ తియ్యండి" అంది. ఎంత వెతికినా నాకా తప్పు కనపడలేదు.

డిసెంబరు 20

పదకొండే తేలాయి. మార్చికి చామంతులే ఉండిపోయాయి. జూలైకి ఇసక పడవ పెట్టేశాను, దాని కింద చిన్న అక్షరాల్లో "నీళ్లొచ్చేదాకా" అని వేయించాను. ఆగస్టుకి ఏదీ లేదు. మొదటి రోజు రేవు బొమ్మ మళ్లీ తెరిచి చూశాను, మనసొప్పలేదు. ఆ పేజీలో శివకాశి వాళ్ల వరలక్ష్మి. మా ఆవిడ ఏమీ అనకుండా టీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

ప్రూఫ్‌లో దొప్పల బొమ్మ తెర మీద కన్నా నల్లగా వచ్చింది. వత్తి వెనక దీపాలు సగం మాయం. నలుపు ఎనిమిది శాతం తగ్గించి మళ్లీ తీయించాను, ఇప్పుడు ఫర్వాలేదు. మూలల మెత్తదనం పద్దెనిమిది అంగుళాల్లో తెలుస్తుందని భయపడ్డాను. ఎవరూ అడగలేదు, ఎవరూ క్యాలెండర్‌ని భూతద్దంతో చూడరు కదా. ప్లేట్లకి పంపేశాం.

డిసెంబరు 24

బావ ఫోన్. లెన్సు ఎలా ఉందన్నాడు. చాలా బాగుంది బావా అని, సంక్రాంతికి బదులు ఉగాదికి తీసుకుపోతావా అని అడిగాను. "ముందు క్యాలెండర్ చూపించు" అన్నాడు.

43 మిల్లీమీటర్ల మూత ఆన్‌లైన్‌లో తెప్పించాను. సరిగ్గా పట్టింది. కాకపోతే దీని మీద కంపెనీ పేరు లేదు, ఉత్త నలుపు. బావ కళ్లు మహా చురుకు.